గోగునార పలక ఎన్ని కేవీలకు (కిలోవోల్టులకు) ఆగుతుంది? హెచ్‌వీ (హై వోల్టేజీ) ల్యాబ్ డైరీ

జూన్ 24

మావయ్య నార పంపాడు. పదిహేను కిలోల కట్ట, బస్సు మీద వేయించాడు. పోయిన ఏడాది పంటది, చెరువులో ఊరవేసి తీసిన గోగునార. కట్ట విప్పగానే ల్యాబ్ అంతా ఊరి వాసన వచ్చింది.

రాత్రి ఫోన్ చేశాడు.

"అందిందేట్రా? ఇంత నార ఏటి చేస్తావు?"

"ఎపాక్సీ అనే గట్టిపడే జిగురులో వేసి పలకలు చేస్తాను మావయ్యా. వాటి మీద హై వోల్టేజీ పెట్టి, ఎక్కడ చిల్లు పడుతుందో చూస్తాం."

"నార కరెంటుకి ఆగుతాదా?"

"ఎండితే ఆగుతుంది. తడి ఉంటే ఆగదు."

"అయితే శ్రావణంలో మొదలెట్టకు" అన్నాడు.

మొదలుపెట్టక తప్పదు, ఎం.టెక్ క్యాలెండర్ శ్రావణం చూడదు. కానీ ఆ మాట ఈ డైరీ మొదటి పేజీలో రాసి పెట్టుకుంటున్నాను.

ఈ పని ఎందుకు ఎత్తుకున్నానో కూడా రాయాలి. స్విచ్‌బోర్డుల వెనక, చిన్న ప్యానెళ్లలో, వైండింగ్ షాపుల్లో వాడే పలకలు ఎక్కువగా రెండు రకాలు. ఒకటి హైలం షీటు, అంటే కాగితమో గుడ్డో ఫినాలిక్ రెజిన్‌లో నొక్కినది. రెండోది గాజు గుడ్డతో చేసిన ఎపాక్సీ షీటు. శ్రీకాకుళం, విజయనగరం వైపు గోగు సాగు నా చిన్నప్పటికీ ఇప్పటికీ బాగా తగ్గిపోయింది. నారకు గోనెసంచి, తాడు తప్ప ఇంకో దారి దొరికితే బాగుంటుందని నాకు చాలా కాలంగా ఉంది. గాజు చేసే పనిలో కొంతైనా మా నార చేయగలదా? తక్కువ వోల్టేజీ పలకల వరకే అడుగుతున్నాను, లైన్ ఇన్సులేటర్ల గురించి కాదు.

జూలై 2

నేనూ నా ప్రాజెక్టు జోడీ కలిసి మొదటి ఆరు పలకలు పోశాం. బజారులో దొరికే సూదిగుద్దు మ్యాట్‌లా ఉండాలని, నారను పక్క జిల్లాలో ఒక చిన్న యూనిట్‌లో మ్యాట్ కొట్టించాను. రెజిన్ ఎల్‌వై 556, హార్డెనర్ హెచ్‌వై 951, బరువులో పదికి ఒకటి. కింద గాజు పలక, దాని మీద ఓహెచ్‌పీ షీటు (పారదర్శక ప్లాస్టిక్ షీటు), మ్యాట్, బ్రష్‌తో రెజిన్, రోలర్, మళ్లీ ఓహెచ్‌పీ షీటు, పైన గాజు, దాని మీద ఇనుప బరువులు. ఒక రోజు అలాగే వదిలేసి, తర్వాత ఓవెన్‌లో 80 డిగ్రీల దగ్గర మూడు గంటలు.

పలకలు తేనెరంగులో అందంగా వచ్చాయి. మైక్రోమీటర్‌తో చూస్తే మందం 1.1 నుంచి 1.3 మి.మీ. దాకా ఉంది. ఒకే పలకలో మూలకీ మధ్యకీ అంత తేడా వస్తోంది. ఇకమీదట చిల్లు పడిన చోటి పక్కనే మందం కొలిచి భాగిస్తాను, పలక సగటుతో కాదు.

జూలై 9

ఈ రోజు గాల్లో పెట్టి చూశాం. అది పొరపాటు. కింద 75 మి.మీ. ఎలక్ట్రోడ్, పైన 25 మి.మీ. ఎలక్ట్రోడ్, రెండూ ఇత్తడివి, అంచులు 3 మి.మీ. గుండ్రం చేసినవి. వోల్టేజీ పెంచుతుంటే పై ఎలక్ట్రోడ్ చుట్టూ ఊదారంగు వెలుగు, చీమలు పాకుతున్నట్టు సన్నని చప్పుడు, ఓజోన్ వాసన. తర్వాత ఒక్క దెబ్బతో ఫ్లాష్‌ఓవర్, మెరుపు పలక అంచు చుట్టూ తిరిగి పోయింది. పలకకు ఏమీ కాలేదు. మనం కొలిచింది గాలిని.

అందుకే ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్‌లో ముంచి చేయాలి. డ్రమ్ములో ఉన్న ఆయిల్ ముందు చూద్దామని బీడీవీ కిట్‌లో (ఆయిల్ ఎన్ని కేవీల దాకా ఆగుతుందో చూసే పెట్టెలో) పోశాం. 2.5 మి.మీ. గ్యాప్‌లో ఆరు సార్లు చేస్తే సగటు 22 కేవీ. వాడకానికి కొత్త ఆయిలే కనీసం 30 ఉండాలి. డ్రమ్ము మూత సరిగా లేదు, తేమ తాగేసింది. వేడి చేసి, ఫిల్టర్ చేశాక 52 వచ్చింది.

ఆయిల్ సంగతి ఇంత పట్టుకున్నది ఎందుకంటే, ఎలక్ట్రోడ్ అంచు, ఆయిల్, పలక కలిసే చోటే ఫీల్డ్ (ఒక్కో మి.మీ. మీద పడే వోల్టేజీ) అన్నిటికన్నా ఎక్కువ. అక్కడ ఆయిల్ ముందే చిటపటలాడితే ఆ మంట పలకను అంచు దగ్గర తినేస్తుంది. అప్పుడు వచ్చిన అంకె పలకది కాదు, మురికి ఆయిల్‌ది. ప్రతి పదో పంక్చర్ తర్వాత ఆయిల్ మళ్లీ ఫిల్టర్ చేయాలని గోడ మీద రాసి పెట్టాం, మసి చేరుతుంది కాబట్టి.

జూలై 15

పోల్చడానికి షాపులో 1.6 మి.మీ. గాజు-ఎపాక్సీ షీటు కొన్నాం. ఇలాంటి టెస్ట్‌లకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఈసీ 60243-1 చెప్పినట్టు, ఎక్కువ పలకలు 10 నుంచి 20 సెకన్ల మధ్య పంక్చర్ అయ్యేలా వోల్టేజీ పెంచే వేగం చూసుకోవాలి. సెకనుకు 2 కేవీ పెట్టాం. ఐదు దెబ్బల మధ్య విలువ (వరుసలో పెడితే నడిమిది) 39.4 కేవీ, అంటే మి.మీ.కి 24.6.

సంతోషంగా గైడ్ గారికి చూపించాను. ఆయన షీటు చూడలేదు, కంట్రోల్ డెస్క్ మీద మీటరు చూశారు.

"ఈ మీటరు ఏం కొలుస్తోంది?"

"సెకండరీ కేవీ అండీ."

"కాదు. ప్రైమరీ వోల్టేజీ కొలిచి, దాన్ని టర్న్స్ రేషియోతో హెచ్చించి చూపిస్తోంది. మధ్యలో ఏం జరిగిందో దానికి తెలియదు. స్ఫియర్ గ్యాప్ పెట్టావా?"

పెట్టలేదు.

స్ఫియర్ గ్యాప్ అంటే రెండు లోహపు గోళాల మధ్య ఖాళీ. ఎంత వోల్టేజీకి దాని మీదుగా నిప్పురవ్వ దూకుతుందో పట్టికలో ఉంటుంది, దానితో మీటరును సరిచూడొచ్చు. మధ్యాహ్నమంతా అదే పని. 12.5 సెం.మీ. గోళాలు, ముందు మెత్తగా పాలిష్, తర్వాత స్పిరిట్‌తో తుడిచి, ఆ పైన చెయ్యి తగలనివ్వలేదు. సిరీస్‌లో నీటి రెసిస్టర్. గ్యాప్ సరిగ్గా 1 సెం.మీ. పట్టిక ప్రకారం 20 డిగ్రీల దగ్గర, 101.3 కిలోపాస్కల్ ఒత్తిడిలో ఈ గ్యాప్ 31.7 కేవీ పీక్ (అల శిఖరం) దగ్గర దూకాలి. మా ల్యాబ్‌లో 31 డిగ్రీలు, 100.6 కిలోపాస్కల్. గాలి పల్చబడింది కాబట్టి 0.957తో గుణించాలి. కోస్తా తేమకు ఇంకో సవరణ, అది ఎదురు దిశలో దాదాపు 3 శాతం. లెక్క తేలింది 31.25 పీక్, ఆర్‌ఎంఎస్‌లో (మీటరు చూపించే లెక్కలో, అంటే పీక్‌ను 1.414తో భాగిస్తే) 22.1 కేవీ. గోళాలు దూకినప్పుడు మీటరు చూపించింది సగటున 23.5.

మా మీటరు 6 శాతానికి పైగా ఎక్కువ చూపిస్తోంది. గాజు షీటు అసలు విలువ 24.6 కాదు, 23.1. స్ఫియర్ గ్యాప్‌కే 3 శాతం అటూ ఇటూ ఉంటుంది. అయినా తప్పు ఎటువైపు ఉందో తెలిసింది. ఇక్కడి నుంచి ఈ డైరీలో ప్రతి అంకె సవరించినదే.

ఈ ఒక్క మధ్యాహ్నం లేకపోతే ప్రాజెక్టు మొత్తం ఆరు శాతం అబద్ధం మీద నిలబడేది. ఇది తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

జూలై 22

మొదటి నార పలకల టెస్ట్. సెకనుకు 1 కేవీ.

ఐదు పలకలు, మి.మీ.కి కేవీలలో: 8.1, 11.9, 5.0, 10.4, 9.2.

మధ్య విలువ 9.2. ఏ ఒక్కటైనా దాని నుంచి 15 శాతం కన్నా దూరం పోతే ఇంకో ఐదు చేయాలన్నది ప్రమాణం. 11.9 పైన పోయింది, 5.0 కింద పోయింది. ఇంకో ఐదు చేశాం: 7.0, 12.3, 4.4, 9.9, 10.8.

ప్రతి దెబ్బ తర్వాత వోల్టేజీ సున్నాకి తెచ్చి మళ్లీ ఎక్కించాం. వెంటనే ట్రిప్ అయితే చిల్లు పడిందని ఖాయం. ఒకసారి అలా కాలేదు, ఆయిల్‌లో బుడగ దూకిందంతే. ఆ రీడింగ్ లెక్కలోకి తీసుకోలేదు, కారణం పక్కన రాశాం.

4.4 ఒకటి, 12.3 ఒకటి. ఒకే మ్యాట్, ఒకే రెజిన్, ఒకే చెయ్యి. గాజుతో పోలిస్తే తక్కువ రావడం నన్ను బాధపెట్టలేదు, అది ఊహించిందే. ఈ చెదురు మాత్రం నిద్ర పట్టనివ్వలేదు. రేపు ఒక ప్యానెల్‌లో ఈ పలక పెడితే, అక్కడ పడేది 12.3 పలకా, 4.4 పలకా? పెట్టేవాడికి తెలియదు.

జూలై 27

పది విలువలనూ వైబుల్ పేపర్ మీద, అంటే చెదురును కొలిచే గ్రాఫ్ కాగితం మీద, పెట్టాను. వాలోడి వైబుల్ అనే స్వీడన్ ఇంజనీరు 1951లో ఈ పంపిణీని చూపిస్తూ తీసుకున్న ఉదాహరణల్లో భారతీయ పత్తి పోగుల బలం ఒకటి. అది చదివినప్పుడు ఒంటరి పని చేస్తున్నానన్న భావం కాస్త తగ్గింది. ఆయన పత్తి పోగు ఏ బరువుకు తెగుతుందో చూశాడు, నేను గోగు పలక ఏ వోల్టేజీకి తెగుతుందో చూస్తున్నాను. లెక్క ఒకటే. మావయ్య తాడు పేనుతూ అనేది కూడా ఇదే: తాడు తెగేది పీచు తగ్గిన చోటే.

ఆల్ఫా, అంటే నూటికి 63 పలకలు పోయే ఫీల్డ్, 10.1. బీటా 3.3. బీటా ఎంత పెద్దదైతే పలకలు అంత ఒక్కలా ఉన్నట్టు. 3.3 అంటే ఒక్కో పలక ఒక్కో కారణంతో చస్తోందని అర్థం చేసుకున్నాను.

పీచు ఎక్కడ తగ్గిందో చూడాలి. చిల్లు పడిన నాలుగు పలకలను వజ్రపు బ్లేడుతో అడ్డంగా కోసి, ఎమరీతో మెత్తగా అరగదీసి, మెకానికల్ వాళ్ల మైక్రోస్కోప్ కింద పెట్టాం. సాయంత్రం ఆరింటికి మొదలుపెడితే రాత్రి పదింటికి గానీ లేవలేదు.

మొదట కనిపించినవి బుడగలు. రోలర్ కింద చిక్కుకున్న గాలి, పలకకు సమాంతరంగా చప్పిడి అప్పాల్లా ఉన్నాయి. ఇలాంటి చదును బుడగ ఎంత చెడ్డదంటే, చుట్టూ ఉన్న పదార్థం పర్మిటివిటీ (గాలితో పోలిస్తే ఫీల్డ్‌ను ఎన్ని రెట్లు తగ్గిస్తుందో చెప్పే అంకె) దాదాపు 4 అయితే బుడగలో ఫీల్డ్ కూడా దాదాపు నాలుగింతలు అవుతుంది. పదో వంతు మి.మీ. గాలి పొర ఒక కేవీ లోపే దూకుతుంది. లెక్క వేస్తే 1.2 మి.మీ. పలక మీద 2 కేవీ పెట్టగానే లోపల బుడగల్లో చిన్న చిన్న మెరుపులు మొదలై ఉంటాయి. బయట మీటరు ఏమీ చెప్పదు, పలక మాత్రం లోపల కాలుతూ ఉంటుంది.

కానీ 4.4 పలకలో చిల్లు బుడగ గుండా పోలేదు. నల్లటి మసి దారి పై నుంచి కిందికి నిట్టనిలువుగా, దాదాపు గీత గీసినట్టు ఉంది. దాని పక్కనే ఇంకో నార పోగు, అదీ నిలువుగానే ఉంది. ఇంకోటి. అప్పుడు తట్టింది. సూదిగుద్దు మ్యాట్ అంటే ముళ్ల సూదులతో పోగులను పై నుంచి కిందికి గుచ్చి పట్టు తెప్పించడం. గుడ్డగా అది గట్టిపడుతుంది. మాకు మాత్రం అది ఫీల్డ్ దిశలోనే, ఒక ఎలక్ట్రోడ్ నుంచి రెండోదానికి, వేల పోగులు నిలబెట్టి ఇచ్చింది.

గాజు పోగు లోపల గట్టిగా ఉంటుంది. మొక్క నార అలా కాదు. ప్రతి కణం మధ్యలో సన్నని గొట్టం ఉంటుంది, రెజిన్ అందులోకి పోదు. గాలో, తేమో అక్కడే ఉంటుంది. మేం ఇన్సులేషన్ పలక అనుకుని పోసిన దానిలో నిలువు గొట్టాలు వేశాం.

గైడ్ గారికి ఫొటోలు పంపాను. "ఇది నీ థీసిస్" అని ఒక్క మాట రాశారు.

ఆగస్టు 5

తేమ సంగతి. నార వంద గ్రాములు తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఆగేదాకా ఎండబెట్టాను. 88.5 గ్రాములకు వచ్చింది. బయట వాన. ఎండిన నారను బల్ల మీద వదిలేస్తే సాయంత్రానికి పోయిన బరువులో చాలా భాగం తిరిగి తాగేసింది. జనపనార వ్యాపారంలో నూరు పాళ్ల ఎండు నారకు 13.75 పాళ్ల తేమ మామూలుగానే లెక్క కడతారు. అంటే ఇది దాని స్వభావం, తప్పు కాదు. నీటి పర్మిటివిటీ 80 దగ్గర ఉంటుందని గుర్తుంటే చాలు, ఆ నీరు నిలువు గొట్టంలో ఉంటే ఏమవుతుందో తెలుస్తుంది.

ఇక పద్ధతి మార్చాం. నార ఓవెన్‌లో నుంచి తీసిన పది నిమిషాల లోపే రెజిన్‌లోకి వెళ్లాలి. టెస్ట్‌కు ముందు పలకలు 23 డిగ్రీల దగ్గర, 50 శాతం తేమలో 24 గంటలు ఉండాలి. మా దగ్గర హ్యుమిడిటీ ఛాంబర్ లేదు. రబ్బరు వాషర్ ఉన్న పెద్ద స్టీలు డబ్బాలో, అడుగున మెగ్నీషియం నైట్రేట్ అనే ఉప్పును నీళ్లతో కలిపిన ముద్ద పెట్టాం. ఉప్పు కరగకుండా మిగిలి ఉన్నంత వరకూ డబ్బాలో గాలి దాదాపు 53 శాతం తేమ దగ్గర నిలుస్తుంది. ఏసీ గదిలో డబ్బా. కెమిస్ట్రీ మేడమ్ చెప్పిన ఈ ఉపాయం ఛాంబర్ ఖర్చు తప్పించింది.

ఆగస్టు 19

సోడా నీళ్ల ట్రీట్‌మెంట్ చేశాం. 5 శాతం కాస్టిక్ సోడాలో నాలుగు గంటలు. మైనం, జిగురు పోయి రెజిన్ బాగా పట్టాలని. పట్టింది కూడా, కోత చూస్తే నారకీ రెజిన్‌కీ మధ్య సందు కనిపించలేదు. అయినా మధ్య విలువ 8 దాటలేదు.

కారణం దొరకడానికి మూడు రోజులు పట్టింది. లిట్మస్ రంగు మారకపోతే చాలు, కడిగినట్టే అనుకున్నాం. కండక్టివిటీ మీటరు పెడితే ఆఖరి కడుగు నీళ్లలో ఇంకా కరెంటు మోసే అయాన్లు ఉన్నాయి. మెకానికల్ బలం కోసం నారను ట్రీట్ చేసేవాళ్లు అక్కడితో ఆపినా ఫర్వాలేదేమో. మాకు కుదరదు. మిగిలిన సోడియం, దానికి తోడు కాస్త తేమ, అంతే, నార తీగలా మారుతుంది. ఇక నుంచి డిస్టిల్డ్ వాటర్‌తో, మీటరు రీడింగ్ కిందికి దిగి నిలిచేదాకా కడుగుతాం. ఈ బ్యాచ్ మొత్తం పక్కన పెట్టాం.

ఆగస్టు 30

ఈ రోజు టెస్ట్ లేదు. ఎందుకు లేదో రాయాలి.

పొద్దున హెచ్‌వీ పరికరాల చుట్టూ ఉండే కేజ్ తలుపు తీశాను. తలుపు తీస్తే సప్లై ట్రిప్ అవ్వాలి. ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. ఎవరో, ఎప్పుడో, ఇంటర్‌లాక్ స్విచ్ నొక్కి ఉండేలా టేపు చుట్టారు. వోల్టేజీ సున్నాలోనే ఉంది, నా జోడీ డెస్క్ దగ్గరే ఉంది, మిగిలిన చార్జిని భూమిలోకి దించే ఎర్త్ రాడ్ నా చేతిలోనే ఉంది. ఏమీ జరగలేదు. అయినా కాళ్లు వణికాయి.

ల్యాబ్ మాస్టారు వచ్చి టేపు పీకేశారు. ఆయన ఈ ల్యాబ్‌లో ముప్పై ఏళ్లుగా ఉన్నారు. "బాబూ, లైటు నమ్మొద్దు, తలుపు నమ్మొద్దు, నన్నూ నమ్మొద్దు. రాడ్ హెచ్‌వీ టెర్మినల్ మీద వేలాడుతుంటేనే లోపల చెయ్యి పెట్టు. తీసేది ఆఖరున" అన్నారు. ఇంటర్‌లాక్ స్విచ్ మార్చేదాకా ల్యాబ్ మూశారు. రోజూ పొద్దున తలుపు తీసి ట్రిప్ అవుతోందో లేదో చూడడం మా మొదటి పని. ఒంటరిగా ఎవరూ వోల్టేజీ ఎక్కించకూడదు, రీడింగ్ ఒక్కటే మిగిలి ఉన్నా సరే.

సెప్టెంబరు 14

కొత్త పద్ధతిలో పలకలు. మ్యాట్ లేదు. నారను ఇనుప దువ్వెనతో దువ్వి, పొట్టి పోగులు తీసేసి, సన్నని పొరగా పరిచాం. నాలుగు పొరలు, ఒకటి నిలువు, ఒకటి అడ్డం. ఏ పోగూ మందం దిశలో లేచి ఉండకూడదు. పొరకీ పొరకీ మధ్య పల్చటి రెజిన్, పైనా కిందా ఉత్త రెజిన్ పొర. గొట్టాలు ఇప్పుడూ ఉన్నాయి, నారలో నుంచి వాటిని తీయలేం. కానీ పడుకుని ఉన్నాయి. ఒక గొట్టం లోపల మెరిసినా కింది ఎలక్ట్రోడ్ దాకా వెళ్లాలంటే దారిలో రెజిన్ గోడలు దాటాలి.

బుడగల కోసం ఫ్రిజ్ రిపేరు షాపు నుంచి పాత వ్యాక్యూమ్ పంపు తెచ్చాం, మందపాటి గాజు డెసికేటర్‌కు తగిలించాం. హార్డెనర్ కలపకముందే రెజిన్‌ను వ్యాక్యూమ్‌లో పెడితే నురగ పాలపొంగులా లేస్తుంది. గిన్నెలో నాలుగో వంతుకు మించి పోయకూడదని మొదటి సారి పొంగినప్పుడే తెలిసింది. నురగ అణిగాక హార్డెనర్ కలిపి, ఇంకో రెండు నిమిషాలు. అంతకు మించి టైమ్ ఉండదు. ఈ హార్డెనర్‌తో అరగంటలో గిన్నె వేడెక్కి గట్టిపడిపోతుంది. అందుకని ఒక్కో పలకకు సరిపడా మాత్రమే కలుపుతున్నాం.

అంచుల్లో 1.4 మి.మీ. వాషర్లు పెట్టి నొక్కాం. మందం తేడా ఇప్పుడు 0.05 మి.మీ. కూడా లేదు.

సెప్టెంబరు 24

సెకనుకు 2 కేవీ. మొదటి ఐదు: 16.2, 17.6, 13.6, 15.8, 16.9.

16.2 చూడగానే మా ఇద్దరికీ అరవాలనిపించింది. అంతలో 13.6. మధ్య విలువకు 15 శాతం కింద అంటే 13.8 దాకా ఒప్పు. మాది 13.6. వెంట్రుకవాసి తేడా.

ఆ పలక మీద ఏదైనా గీత ఉందేమో, ఆయిల్‌లో ఏదైనా పడిందేమో అని అరగంట వెతికాం. తీసేయడానికి సాకు వెతుకుతున్నామని మధ్యలో అర్థమైంది. సాకు దొరకలేదు. ఐదు కొత్త పలకలు ఎక్కించాం: 15.3, 18.4, 16.4, 14.9, 17.3.

పదీ కలిపితే మధ్య విలువ 16.3. ఆల్ఫా 16.9, బీటా 13.4.

ఆల్ఫా 10.1 నుంచి 16.9కి రావడం బాగుంది. నా సంతోషం మాత్రం బీటా మీద. 3.3 నుంచి 13.4. పలక మందం పెరిగితే మి.మీ.కి బలం మామూలుగా తగ్గుతుంది, మావి ఈసారి ఇంకా మందం, అయినా పెరిగింది. అతి బలహీనమైన పలక కూడా పాత బ్యాచ్‌లో అతి బలమైన పలక కన్నా మెరుగు. గాజు షీటు 23.1 దగ్గరే ఉంది, దాన్ని అందుకోలేదు. 1.6 మి.మీ. షీటుకు 1.4 మి.మీ. పలకకు నేరుగా పోలిక కూడా చెల్లదు. 1.4 గాజు షీటు కోసం షాపులో చెప్పి వచ్చాను.

13.6 పలకను కోశాం. మూడో పొరలో ఒక పోగు మెలిపడి, మడత పడి, కొండీలా పైకి లేచి ఉంది. చిల్లు సరిగ్గా ఆ కొండీ ఎక్కిన చోటే. పలకను తీసేసి ఉంటే ఇది చూసేవాళ్లం కాదు. దువ్వెన రెండు సార్లు కాదు, నాలుగు సార్లు పట్టాలి.

అక్టోబరు 7

పది ఇరవై సెకన్లలో కొట్టే దెబ్బకు ఆగడం ఒక సంగతి, నిలబడడం ఇంకో సంగతి. మెట్ల టెస్ట్ చేశాం. త్వరగా కొట్టిన విలువలో 40 శాతం దగ్గర, 9 కేవీతో మొదలు. ప్రతి మెట్టు మీద 20 సెకన్లు. 10 దాకా అర కేవీ మెట్లు, తర్వాత ఒక్కో కేవీ. మధ్య పలక 17 మీద 20 సెకన్లు నిలిచింది, 18 మీద పోయింది. నిలిచిన మెట్టే లెక్క, అంటే మి.మీ.కి 12.1. మూడు నిమిషాల పాటు కాస్త కాస్త ఎక్కిస్తే నాలుగో వంతు బలం పోయింది. నారలోని గొట్టాల్లో మెరుపులు మెల్లగా తింటున్నాయనే నా అనుమానం. పార్షియల్ డిశ్చార్జి, అంటే ఆ లోపలి మెరుపులను, కొలిచే పరికరం మా దగ్గర లేదు, కాబట్టి థీసిస్‌లోనూ అనుమానమనే రాస్తాను.

తేమ టెస్ట్ ఇంకా కఠినంగా ఉంది. ఐదు పలకలు నీళ్ల మీద మూసిన డబ్బాలో వారం రోజులు ఉంచాం. 16.3 కాస్తా 7.9 అయింది. మావయ్య జూన్‌లోనే చెప్పాడు.

ఈ పలకలను రంపంతో కోసి వాడాం. కోసిన అంచులో వేల గొట్టాల నోళ్లు తెరుచుకుని ఉంటాయి, నీరు అక్కడి నుంచే లోపలికి పోతుంది. ఇంకో ఐదింటికి కోసిన అంచుల మీద రెజిన్ రెండు పూతలు పూసి, అదే డబ్బాలో వారం ఉంచాం. 13.1 వచ్చింది. ఆ కోసిన అంచు ఎలక్ట్రోడ్‌కు దగ్గర్లో కూడా లేదు, అయినా పూతకు అంత తేడా. రేపు ఎవరైనా ఈ పలకకు బోల్టు కోసం డ్రిల్ వేస్తే, ఆ రంధ్రం లోపలి గోడకూ పూత పడాల్సిందే. వాడేవాళ్లకు ఇచ్చే కాగితంలో ఇది పెద్ద అక్షరాల్లో రాస్తాను.

అక్టోబరు 18

ఊరికి వెళ్లాను. గోగు కోత అయింది, కట్టలు చెరువులో ఊరుతున్నాయి. మావయ్య మోకాలు లోతు నీళ్లలో నిలబడి, ఒక్కో కట్ట విరిచి నార లాగుతున్నాడు. గట్టు మీద కూర్చుని ఫోన్‌లో కోతల ఫొటోలు చూపించాను. మసి దారి, దాని పక్కన నిలువు పోగు, తర్వాత పడుకున్న పొరలు. తడి చెయ్యి లుంగీకి తుడుచుకుని ఫోన్ దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"దువ్వి పరిస్తే ఆగిందన్నమాట."

"అవును మావయ్యా. ఒక్క పోగు మెలిపడితే అక్కడే పోయింది."

"చెరువు నీళ్లలో ఊరిన నారకీ, కాలవలో ఊరిన నారకీ తేడా ఉంటాదిరా. కాలవది తెల్లగా వస్తాది, బురద పట్టదు. చూశావా అది?"

చూడలేదు. బురద అంటే మట్టి ఉప్పులు, ఉప్పులంటే అయాన్లు. ఆగస్టులో మూడు రోజులు మేం వెతికింది అదే. సోడా ట్రీట్‌మెంట్ లేకుండా, పారే నీళ్లలో ఊరిన నారే శుభ్రంగా వస్తే డిస్టిల్డ్ వాటర్ ఖర్చంతా తగ్గుతుంది.

రెండు కట్టలు వేరుగా కట్టించాను. చెరువు కట్టకు నల్ల దారం, కాలవ కట్టకు తెల్ల దారం. ఒక్కో దాన్నుంచి పది పలకలు. దీపావళి సెలవుల తర్వాత మొదటి సోమవారం రెజిన్ పోస్తాం.